ఆరో లైను

మార్చి 4, సోమవారం

కీరదోసకాయ శాస్త్రప్రకారం పండు అని ఈ రోజు నలుగురికి చెప్పాను. ముగ్గురు నవ్వారు. నాలుగో ఆయన నవ్వలేదు, "అయితే తియ్యగా ఎందుకుండదు?" అని దొంగని పట్టుకున్నట్టు నన్నే నిలదీశాడు. పువ్వులోంచి పుట్టి కడుపులో గింజలు మోసేదేదైనా పండేనయ్యా, టమాటా, వంకాయ, గుమ్మడి, బెండ అన్నీ పండ్లే అన్నాను. ఆయన వంకాయ వంక జాలిగా చూసి ఉల్లిపాయల వైపు వెళ్ళిపోయాడు.

ఇరవై ఆరేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. చివరి ఏడాది క్లాసులో ఇద్దరే ఉన్నారు, అందులో ఒకడు గది తప్పి వచ్చి మొహమాటానికి కూర్చున్నవాడు. డిపార్టుమెంటు మూసేశారు. ఇప్పుడు ఏసీ కూరగాయల షాపులో బుట్ట బుట్టకీ ఒక కార్డు రాసిపెట్టే ఉద్యోగం. నాకు ముందు ఈ పని చేసినవాడు క్యారెట్టు తింటే కళ్ళజోడు తీసి పారేయొచ్చని రాశాడు. విటమిన్ ఎ తక్కువైనవాడికి మాత్రమే క్యారెట్టు కళ్ళకి మేలు చేస్తుందని వాడికెవరూ చెప్పినట్టు లేదు. ఆ కార్డు చదివినవాళ్ళంతా ఇప్పటికీ కళ్ళజోళ్ళతోనే వస్తున్నారు.

నా కార్డుకి ఆరు లైన్లు. మొదటి లైన్లో పేరు. రెండో లైన్లో వింత సంగతి ఒకటి. మూడు, నాలుగు, ఐదు లైన్లలో అది ఒంటికి చేసే మేలు. ఆరో లైన్లో అది ఎవరికి పడదో, ఎవరు జాగ్రత్తగా ఉండాలో. మేలొక్కటే చెప్పేవాడు అమ్ముకునేవాడు. రెండూ చెప్పేవాడు మాస్టారు. షాపులో నన్నందరూ మాస్టారనే పిలుస్తారు, ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు తప్పు చెయ్యలేదు.

మార్చి 5

కార్డులు ఆకుపచ్చ సిరాతో రాయమన్నాడు టై. మేనేజరుకి నేను పెట్టిన పేరది. మలుపు తిరిగేటప్పుడు మనిషి కంటే ముందు టై వస్తుంది. ఆకుపచ్చ చూస్తే జనానికి ఆరోగ్యం గుర్తొస్తుందట. ఎర్ర క్యాప్సికం వేరే జాతి కాదయ్యా, పచ్చదే పండి ఎర్రగా అవుతుంది, విటమిన్ సి కూడా పండినదాంట్లోనే ఎక్కువ, మరి ఎర్రసిరా వాడదామా అన్నాను. "చాలా మంచి పాయింటండీ మాస్టారూ" అన్నాడు. సాయంత్రానికి డజను ఆకుపచ్చ పెన్నులు తెప్పించాడు.

మార్చి 9, శనివారం

కూరల మీద గంటకోసారి నీళ్ళు చల్లుతారు కాబట్టి కార్డులు వారం తిరక్కుండా ఉబ్బిపోతాయి. కొత్తవి రాసి పాతవి చెత్తలో వెయ్యమంటాడు టై. నేను ఇంటికి తెస్తాను. అక్క వాటిని ఆరబెట్టి, మీద బరువు పెట్టి చదును చేసి, వంటింటి గోడకి టేపుతో అంటిస్తుంది. పొయ్యి పక్క గోడ అప్పుడే సగం నిండింది. నా రాతలు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివే మనిషి ఈవిడొక్కతే. చదివి ఊరుకోదు, పాటిస్తుంది. టమాటా కార్డు ఆరో లైన్లో "కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడగందే తినొద్దు" అని రాశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో టమాటా లేదు. బంగాళాదుంపకి "కిడ్నీ జబ్బున్నవాళ్ళు ముక్కలు కోసి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, కొంచెమే తినాలి" అని రాశాను. అలాగే చేస్తోంది. రుచి సంగతి అడక్కూడదు.

అక్క కిడ్నీలు మూడో వంతు మాత్రమే పనిచేస్తున్నాయని జనవరిలో తెలిసింది. పెద్దాసుపత్రి డాక్టరు, మీసాలు కూడా సరిగ్గా రానివాడు, తినకూడనివాటి లిస్టు ఒకటిచ్చాడు. జిరాక్సుకి జిరాక్సు తీసిన కాగితం, చీమలబారు లాంటి అక్షరాలు. అక్కకి ఒక్కటీ కనపడదు. యూనిఫారాల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టి కళ్ళు పాడుచేసుకుంది. ఆ కుట్టు మీదే నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. "కాస్త చదివి పెట్టరా" అని ఈ రోజు మళ్ళీ ఆ కాగితం తెచ్చింది. పొద్దస్తమానం నేను చేసే పనే అది, ఆ పిల్ల డాక్టరు కొత్తగా నాకు చెప్పేదేముంది అన్నాను. కాగితం దళసరిగా ఉంది, ఈ డైరీలో పేజీ గుర్తుకి పనికొచ్చింది.

అక్క పిలుస్తోంది. రాయడం అయ్యాక చూద్దాం.

మార్చి 12, మంగళవారం

అరికాలి మంట నెత్తికెక్కింది.

రోజూ పొద్దున్నే ఒకాయన వస్తాడు. ఏమీ కొనడు, ప్రతి కార్డునీ ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. ఆయన్ని ఆపి, పాలకూర కార్డు ఆరో లైను గురించి మీ అభిప్రాయం ఏమిటి అని అడిగాను. "ఆరో లైనెక్కడిదండీ? ఐదేగా" అన్నాడు. వెళ్ళి చూశాను. నిజమే, ఐదే. కార్డు నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండుకి అడుగున రెండు వేళ్ళ వెడల్పు పట్టీ ఉంది, ధర చీటీ దూర్చడానికి. ఆ పట్టీ సరిగ్గా నా ఆరో లైను మీద కూర్చుంది. పాలకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది కొంచెమేననీ, పైన నిమ్మరసం పిండితే ఇంకాస్త పడుతుందనీ అందరికీ తెలుస్తోంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు దూరంగా ఉండాలని మాత్రం ఎవరికీ తెలియడం లేదు. ఇన్ని రోజులుగా నేను ధర చీటీలకి పాఠం చెబుతున్నాను.

టై దగ్గరికి వెళ్ళాను. పట్టీ పైకి మార్చమన్నాను. కుదరదట, స్టాండ్లు అలాగే వస్తాయట. మరి కార్డు పెద్దది చెయ్యమన్నాను. టై సవరించుకున్నాడు.

"మాస్టారూ, ఇది షాపండీ, ఆసుపత్రి కాదు. పండు పక్కన జబ్బు పేరుంటే చెయ్యి పెట్టేదెవరు? కనపడని లైను కోసం మీరెందుకు ఆయాసపడటం, మానెయ్యండి."

మానెయ్యాలట. నవ్వొచ్చింది. ఈ మనిషి ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెందుకొస్తాయంటే ఘాటండీ అంటాడు. కోసినప్పుడు అందులోంచి పుట్టే ఆవిరి కంటి తడితో కలిసి ఆమ్లమవుతుందని చెబితే, మంచి పాయింటండీ అంటాడు. వాడి దగ్గర నేను నేర్చుకోవాలి, ఏం రాయాలో.

మార్చి 13

రాస్తాను. పట్టీ కిందైనా సరే, చీకట్లోనైనా సరే, ఆరో లైను రాసి తీరతాను. ఇది నా పట్టుదల.

మార్చి 15

ఆపిల్ నీళ్ళలో ఎందుకు తేలుతుందో అక్కకి గిన్నెలో వేసి చూపించాను. అందులో నాలుగో వంతు గాలే. గిన్నె చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ చూసింది, వేలితో ముంచి మళ్ళీ చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి విద్యార్థి ఒక్కరు దొరికి ఉంటే డిపార్టుమెంటు మూతపడేది కాదు.

మార్చి 18, సోమవారం

ఇది లొంగిపోవడం కాదు. సౌకర్యం.

ఈ రోజు వంకాయ కార్డు ఐదు లైన్లతో రాసి చూశాను, ఊరికే. ఆరో లైను కోసం పై ఐదింటినీ ఇరికించక్కర్లేదు కదా, అక్షరాలు పెద్దవయ్యాయి. నా చేతిరాత అంత నిండుగా ఎప్పుడూ రాలేదు. టై ఆగి చూశాడు. "అబ్బ, ప్రింటు కొట్టినట్టుందండీ" అన్నాడు. ఆ మాటకి నేనేమీ ఉబ్బిపోలేదు. అదీ గాక పెద్ద అక్షరాలైతే అక్క పొయ్యి దగ్గర నిలబడి కళ్ళజోడు లేకుండా చదువుకుంటుంది. ఆవిడ కోసమే అనుకోవచ్చు. ఎవరూ చూడని లైను రాస్తే ఒకటీ రాయకపోతే ఒకటీ.

ఇక నుంచి ఐదు.

మార్చి 21, గురువారం

అరటిపండు కార్డు. నేను రాసినవాటిలో ఇదే మేటి, ఇక్కడ కూడా ఎత్తి రాసుకుంటున్నాను.

అరటిపండు.
అరటి చెట్టు చెట్టే కాదు. ఆకుల మొదళ్ళు చుట్ట చుట్టుకుని నిలబడ్డ పెద్ద మొక్క.
అలసినప్పుడు వెంటనే శక్తి.
పొటాషియం పుష్కలం, కండకీ గుండెకీ బలం.
పీచు ఉంది, విటమిన్ బి6 ఉంది, తేలిగ్గా అరుగుతుంది.

ఫోటోల ఆయన రెండు ఫోటోలు తీశాడు. కార్డు ఒకటి రాసేటప్పుడు సిరా అంటుకుంది, దాన్ని పక్కనపెట్టి మళ్ళీ రాశాను. అంటుకున్నది ఇంటికి తెచ్చాను. అక్క అప్పుడే గోడకెక్కించింది.

మార్చి 22

అక్క అరటిపండు గురించి ఏదో అడిగింది. చెప్పాను.

మార్చి 27, బుధవారం

జ్యూసు కౌంటర్ ఆవిడ బోర్డు పెట్టింది: "ఒంట్లో విషాలన్నీ కడిగేసే పచ్చ జ్యూసు." ఆవిడ మంచిదే, రోజూ నాకు మిక్సీ అడుగున మిగిలింది గ్లాసులో పోసిస్తుంది. కానీ చూస్తూ ఊరుకుంటే ఈ చదువెందుకు? అమ్మా, ఒళ్ళు కడిగే పని కిడ్నీలది, కీరదోసకాయది కాదు, రోజంతా రక్తాన్ని వడపోసేవి అవి, వాటిని మించిన జ్యూసు లేదు అన్నాను. అక్కడున్న ఏడెనిమిది మందీ వింటున్నారని గొంతు కాస్త పెంచాను కూడా. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి మరి ఏం జ్యూసివ్వాలి మాస్టారూ అని అడిగింది ఆవిడ. ఏమీ ఇవ్వకూడదు, పొటాషియం బయటికి పోయే దారుండదు, రక్తంలో పేరుకుని గుండెని పట్టుకుంటుంది అని చెప్పాను. ఒక్క ముక్క తడుముకోలేదు. ఇలాంటివి నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

మచ్చలు పడ్డ అరటిపండ్లు షాపులో అమ్మరు, సిబ్బంది పట్టుకెళ్ళొచ్చు. డజను తెచ్చాను. మచ్చలు పడితే పాడైనట్టు కాదు, పిండిపదార్థం చక్కెరగా మారి ఇంకా తియ్యగా ఉంటాయి. ఆ సంగతి ఈ మహానుభావులకి తెలియదు. తెలిసినవాడికి డజను మిగిలింది.

మార్చి 30

మొన్న తెచ్చిన డజనూ అయిపోయాయి. నేను తిన్నవి రెండు. పారేయకుండా అయిపోవడం మంచిదే. ఇంకో డజను తెచ్చాను.

ఏప్రిల్ 2, మంగళవారం

ఫోటోల ఆయన ఈ రోజు ఒక ప్రశ్న అడిగాడు. నారింజ మంచిదా, జామకాయ మంచిదా అని. విటమిన్ సి కావాలంటే జామకాయే, నారింజ కంటే మూడు నాలుగు రెట్లు అన్నాను. ఆయన నారింజల పక్కన నిలబడి నారింజల్ని ఫోటో తీసుకున్నాడు. ఎందుకో అడగలేదు. ఈ షాపులో ఎందుకు అని అడగడం మానేసి వారమైంది.

అక్కకి కాళ్ళు లాగేస్తున్నాయట, మెట్లు దిగుతుంటే మోకాళ్ళలో సత్తువ లేదట. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక మోకాళ్ళు ఇంకేం చేస్తాయి. నీరసం తగ్గాలని రోజుకి నాలుగు అరటిపండ్లు తింటున్నానంది. వినీ విననట్టు ఊ అన్నాను, బీట్‌రూట్ కార్డు రాసుకుంటున్నాను. (బీట్‌రూట్ తింటే కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని హడలిపోతారు. రెండో లైనుకి బాగుంటుంది.)

అక్క పిలుస్తోంది. రాయడం అయ్యాక చూద్దాం.

ఏప్రిల్ 5

టై ఈ రోజు నా కార్డుల్ని పై ఆఫీసుకి పంపాడు. అన్ని షాపుల్లోనూ ఇవే పెడతారట. నాకేం సంతోషం లేదు. అక్కకి చెప్పాను. పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి నవ్వింది.

ఏప్రిల్ 8

ఆసుపత్రి.

ఏప్రిల్ 9

బతికే ఉంది. చేతికి సూదులు.

ఏప్రిల్ 11, గురువారం

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. తర్వాత అక్క పడిన చప్పుడు. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కాళ్ళు కదలడం లేదురా అంది, మాట ముద్దగా వస్తోంది. నాడి పట్టి చూస్తే ఒకటి కొట్టుకుని, ఆగి, ఆగి, ఇంకోటి కొట్టుకుంటోంది. అంబులెన్సులో ఆ పొడుగునా నాడి మీద నుంచి వేలు తియ్యలేదు.

మీసాలు రాని ఆ డాక్టరే చూశాడు. గుండె ఈసీజీ కాగితం ఒక్క చూపు చూసి పరుగెత్తాడు. పొటాషియం విపరీతంగా పెరిగిందట. గుండె ఆగిపోకుండా ముందో ఇంజెక్షనిచ్చి, అటు నుంచి అటే డయాలిసిస్‌కి తీసుకెళ్ళారు. ఇంకో గంట ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఉండేది కాదండీ అన్నాడు. ఆ గొంతులో గర్వం ఏమీ లేదు. తర్వాత ఏం తిన్నారని అడిగాడు. అరటిపండ్లు, రోజుకి నాలుగు, పదిహేను రోజులుగా అన్నాను. అతను నా వంక చూశాడు.

"జనవరిలో నేనిచ్చిన లిస్టు చదవలేదాండీ?"

లిస్టు కనపడటం లేదన్నాను. అబద్ధమని తెలియదు, నిజంగానే గుర్తులేదు. ఇప్పుడు రాయడానికి డైరీ తెరిస్తే ఒళ్ళో పడింది. మార్చి 9 నుంచి ఇది ఇక్కడే ఉంది, నేను రాసే ప్రతి పేజీకీ కాపలా కాస్తూ. చీమలబారు లాంటి అక్షరాలే, కానీ నాకు కనపడతాయి. నాలుగో పేరు అరటిపండు.

తప్పు టైది. ఆ పట్టీ పెట్టినవాడిది. రేపు వెళ్ళి గట్టిగా అడుగుతాను.

ఏప్రిల్ 12

వెళ్ళలేదు. ఆసుపత్రి క్యాంటీన్‌లో అరటిపండు అమ్ముతున్నారు. కిడ్నీల వార్డు ఎదురుగానే. తిట్టడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను.

ఏప్రిల్ 13, శనివారం

అక్క ఈ రోజు లేచి కూర్చుంది. డాక్టరు లిస్టులో ఉంది కదా, ఆ లిస్టు ఇంకెవరి చేతైనా చదివించుకోవాల్సింది కదా అన్నాను. ఆవిడనే తప్పుపట్టాలని చూశాను, ఆ మంచం మీద, ఆ సూదులతో ఉన్న మనిషిని. ఆవిడకి కోపం రాలేదు. వింత ప్రశ్న అడిగినట్టు చూసింది.

"డాక్టరు అందరికీ ఒకటే కాగితమిస్తాడు కదరా. నువ్వు నాకు పడనివన్నీ చూసి చూసి ఆరో లైన్లో రాస్తున్నావు కదా అని, నేను నీ కార్డులే చూసుకున్నా. టమాటా వద్దన్నావు, మానేశా. పాలకూరకి రాళ్ళన్నావు, నాకు రాళ్ళు లేవు గానీ ఎందుకొచ్చిందిలే అని అదీ మానేశా. అరటిపండుకి లైను లేదు. పోన్లే, ఇదొక్కటైనా నాకు మిగిల్చాడు అనుకున్నా."

షాపు స్టాండ్లకి పట్టీ ఉంది. మా వంటింటి గోడకి పట్టీ లేదు. పట్టీ కింద నేను రాసిన లైన్లు లోకంలో ఎవరికీ కనపడలేదు, అక్క ఒక్కతికే కనపడ్డాయి. ఆ ఒక్క మనిషీ చదివే లైను, ఎవరూ చదవరని మానేశాను.

ఏప్రిల్ 15, సోమవారం

మార్చి 22న "అక్క ఏదో అడిగింది, చెప్పాను" అని రాసుకున్నాను. డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అబద్ధం రాశాను. జరిగింది ఇది.

నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. అక్క తలుపు దగ్గర నిలబడి, "ఒరేయ్, అరటిపండుకి ఆరో లైను లేదేంట్రా?" అంది. నేను తల ఎత్తలేదు. ఉంటే రాసేవాణ్ణి కదా అన్నాను. "అయితే నేను తినొచ్చా?" అంది. అప్పటికి నా బుర్రలో సమాధానం ఉంది. ఐదు రోజుల తర్వాత జ్యూసావిడకి గొంతు పెంచి చెప్పిన సమాధానమే. కానీ నాకు మధ్యలో కదిలిస్తే చిరాకు.

"చదవడం వచ్చుగా నీకు? కార్డు చూసుకో."

నల్లగుడ్డ మీద నల్లదారంతో నన్ను చదివించిన మనిషిని ఆ మాట అన్నాను. ఆవిడ వెళ్ళి కార్డు చూసుకుంది.

ఇరవై ఆరేళ్ళు పిల్లలు ప్రశ్నలడగడం లేదని విసుక్కున్నాను. అడిగిన ఒక్కగానొక్క మనిషికి నేనిచ్చిన జవాబు ఇది. టైని, డాక్టర్ని, ఫోటోల ఆయన్ని, లోకంలో ఉన్నవాళ్ళందరినీ ఎగతాళి చేస్తూ ఇన్ని పేజీలు నింపాను. ఇన్నిట్లోనూ అందరికంటే తెలివితక్కువవాడు ఎవడో వెతకడానికి పేజీలు తిప్పక్కర్లేదు. సిగ్గుగా ఉంది. సిగ్గనే మాట కూడా చిన్నదే.

ఏప్రిల్ 17, బుధవారం

షాపుకి వెళ్ళాను. గట్టిగా అడగడానికి కాదు. పట్టీ అతనిది కావచ్చు, కార్డు నాది.

తెల్లవారుతూనే మొదలుపెట్టి పన్నెండు కార్డులు కొత్తగా రాశాను. టమాటా, బంగాళాదుంప, నారింజ, అరటి, పాలకూర, కిడ్నీ జబ్బున్నవాళ్ళు చూసుకోవాల్సినవన్నీ. ఈసారి ఆరో లైను మొదట రాశాను. పేరు కిందికి దించాను, పట్టీ వచ్చేచోటికి. అరటిపండుని చూసి అరటిపండని గుర్తుపట్టలేనివాడు లేడు, ఆ పేరు పట్టీ కిందికి పోయినా కొంప మునగదు. ఇంత చిన్న ఉపాయం మార్చి 12న తట్టలేదు. ఆ రోజు నాకు పోట్లాట కావాల్సి వచ్చింది, దారి కాదు.

పదకొండింటికి టై వచ్చాడు. అరటిపండ్ల బుట్ట ముందు ఆగి చదివాడు: "కిడ్నీ జబ్బుందా? డాక్టర్ని అడగకుండా ఇది ముట్టుకోవద్దు." మొహం ఎర్రబడింది, క్యాప్సికం పండినట్టు. కార్డులు తియ్యమన్నాడు. తియ్యనన్నాను. మరి రేపట్నుంచి రావక్కర్లేదన్నాడు. మా అక్క ఆసుపత్రిలో ఉంది, నేను లైను తీసేసినందుకు అన్నాను. మంచి పాయింటండీ అనలేదు. తర్వాత తనే ఒక్కో కార్డూ స్టాండ్లోంచి తీసి, చెత్తలో వెయ్యకుండా, వరసగా పేర్చి నా చేతిలో పెట్టాడు. అంతే, అంతకు మించి మంచివాడేమీ కాడు. నా ఐదు లైన్ల కార్డులు మిగతా షాపులన్నిట్లోనూ ఈ పాటికి నిలబడే ఉంటాయి, ప్రింటు కొట్టినట్టు. పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు రాదు. మళ్ళీ రాస్తాను.

బయటికి వస్తుంటే ఫోటోల ఆయన గుమ్మంలో ఎదురయ్యాడు. అరటి కార్డు ఫోటో తీసుకుంటానన్నాడు, పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడకి కిడ్నీలు బాగోలేవండీ, అందుకే అన్నీ తీసి చూపిస్తుంటాను అన్నాడు. నెల రోజులు ఆయన్ని చూసి నవ్వుకున్నాను, ఎందుకండీ అని ఒక్కసారి అడిగి ఉంటే పోయేది. ఫోనులో పాత అరటి ఫోటోలు రెండూ వెతికించి నా ముందే చెరిపించేశాను. మిగతా పదకొండూ తిప్పి తిప్పి చూపించాను, అన్నీ తీసుకున్నాడు.

ఏప్రిల్ 21, ఆదివారం

అక్క ఇంటికొచ్చింది. ఇక వారానికి రెండుసార్లు డయాలిసిస్. మెట్లు నాలుగుసార్లు ఆగి ఎక్కింది.

వంటింటి గోడ మీద కార్డులన్నీ పీకేస్తుంటే వద్దంది. తడిసి ఎండినవి, ఎంత కష్టపడి చదును చేశానో నీకేం తెలుసంది. అరటిపండు కార్డు ఒక్కటి తీయనిచ్చింది. దాని చోటు ఖాళీగా ఉంది, కొత్తది అంటిస్తానంటే, కార్డులొద్దు, నోటితో చెప్పు చాలు అంది. మామూలుగానే అంది, దెప్పినట్టు కాదు. దెప్పి ఉంటే బాగుండేది.

రేపటి నుంచి ఏం పని చేస్తానో తెలియదు. ట్యూషన్లు చెప్పాలి. వృక్షశాస్త్రం ఎవరిక్కావాలి, ఈ లోకానికి చెట్టుకీ మొక్కకీ తేడా తెలియకపోయినా పూట గడిచిపోతోంది. మళ్ళీ మొదలుపెట్టాను చూడు, నోటికి అలవాటైపోయింది. అసలు రాయాలనుకున్నది వేరు. ఆసుపత్రిలో ఆ రెండో రోజు, అక్క కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు, నేను

అక్క పిలుస్తోంది. ఆపిల్ ముక్క తినొచ్చా అంటోంది. పేజీ గుర్తు తీసుకుని వెళ్తున్నాను, చదివి చెప్పాలి.